ఎమ్మెస్సీలో ఉండగానే రీసెర్చ్ ల్యాబ్‌లో పని: చేరడం ఎలా, చేరాక ఏం చేయాలి

ప్రశ్న క్లుప్తంగా: రాష్ట్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం. సీజీపీఏ 8.1. ఎండాకాలం సెలవుల్లో ఏదైనా రీసెర్చ్ ల్యాబ్‌లో చేద్దామని యాభై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెడితే ఇద్దరు ఖాళీ లేదన్నారు, మిగతావాళ్లు పలకలేదు. తప్పెక్కడుంది? చోటు దొరికితే రెండు నెలల్లో ఏం నేర్చుకోవచ్చు? పేపర్ వస్తుందా?

తప్పు మార్కుల్లో లేదు. యాభై మందికి ఒకే మెయిల్ వెళ్లిందంటే అందులో ఎవరికోసమూ ప్రత్యేకంగా రాసిన ముక్క ఉండదు. అది చదివేవాళ్లకి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. 8.1 వచ్చినా 9.1 వచ్చినా అలాంటి మెయిల్‌కి పట్టే గతి ఒక్కటే.

ముందు ల్యాబ్ వైపు నుంచి లెక్క చూడండి, మిగతాదంతా దాన్నుంచే అర్థమవుతుంది. కొత్త విద్యార్థికి పిపెట్ (కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే సాధనం) పట్టుకోవడం దగ్గర్నుంచి చెప్పాలి. ఆ చెప్పేది ప్రొఫెసర్ కాదు, తన థీసిస్ గడువుతో తంటాలు పడుతున్న ఒక పీహెచ్‌డీ స్కాలర్. రోజుకి గంటో రెండు గంటలో అతని టైమ్ పోతుంది. వాడే ఎంజైమ్, కిట్, టిప్పులు అన్నీ ప్రాజెక్ట్ గ్రాంటు డబ్బులతో కొన్నవి. మొదటి మూడు నాలుగు వారాలు మీవల్ల ల్యాబ్‌కి ఖర్చే తప్ప రాబడి ఉండదు. ఆరో వారానికి పని చేతికొస్తుంది, ఎనిమిదో వారానికి మీరు పెట్టె సర్దుకుంటారు. చాలామంది "ఆరు నెలలైతే రండి" అనేది అందుకే. మీరు చేసే ప్రతి ప్రయత్నమూ ఈ ఖర్చు తగ్గించేలా కనబడాలి.

ఈ లెక్కన మొదట వెతకాల్సింది మీ సొంత డిపార్ట్‌మెంట్‌లోనే. సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి జాతీయ పరిశోధన సంస్థలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరుపతి ఐసర్ అని అందరి చూపూ అటే ఉంటుంది. కాని మీ బిల్డింగ్‌లోనే ఏదో ఒక ప్రాజెక్టు నడుస్తున్న ప్రొఫెసర్ ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ల దగ్గర మీరు సెమిస్టర్ నడుస్తుండగానే సాయంత్రం రెండు గంటలు, శనివారం పూర్తిగా చేయొచ్చు. రెండు నెలల గడువు అనే చిక్కే ఉండదు. అక్కడ నాలుగు నెలలు చేసి, ఆ ప్రొఫెసర్ ఉత్తరంతో బయటి సంస్థకు అప్లై చేసినవాళ్లకూ, ఊరికే మార్కుల లిస్టుతో అప్లై చేసినవాళ్లకూ చాలా తేడా ఉంటుంది. పరికరాలు పాతవైతే ఏంటి? జెల్ నడపడం (డీఎన్ఏ ముక్కల్ని కరెంటుతో పరిమాణం వారీగా విడదీయడం), మీడియా (సూక్ష్మజీవులు పెరిగే పోషక మిశ్రమం) చేయడం, రికార్డు రాయడం ఎక్కడైనా ఒకటే.

బయటికి వెళ్లాలంటే రెండు దారులు. ఒకటి పద్ధతి ప్రకారం అప్లికేషన్ పెట్టే ప్రోగ్రాములు. మూడు సైన్స్ అకాడమీలు (బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసీ) కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు ఉంటుంది. అప్లికేషన్లు ముందు ఏడాది చివర్లోనే ముగుస్తాయి. దాన్ని మార్చిలో తలుచుకునేవాళ్లే ఎక్కువ. మిమ్మల్ని ఎరిగిన టీచర్ ఉత్తరం, మీరేం చేయాలనుకుంటున్నారో ఒక చిన్న వ్యాసం అడుగుతారు. ఆ వ్యాసంలో "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి. ఒక సమస్య, దాని మీద ఇప్పటిదాకా తెలిసింది, తెలియంది, మీరు అడగాలనుకుంటున్న ప్రశ్న, ఈ నాలుగూ ఉంటే చాలు. సైన్స్ చదివేవాళ్లకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ వస్తున్నవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది: ఏడాదికిచ్చే 80,000 రూపాయల్లో 20,000 వేసవి ప్రాజెక్టుకి ఉద్దేశించినదే. ప్రాజెక్టు చేసి, గైడ్ సర్టిఫికెట్, రిపోర్టు పంపితేనే ఆ ముక్క కలుస్తుంది. డిగ్రీలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట: నాలుగేళ్ల డిగ్రీలో "ఆనర్స్ విత్ రీసెర్చ్" కావాలంటే యూజీసీ నిబంధన ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి, నాలుగో ఏడు 12 క్రెడిట్ల ప్రాజెక్టు చేయాలి. ఆ ఆరు సెమిస్టర్లలోనే ల్యాబ్ అలవాటు లేకపోతే ఆ ఏడంతా పిపెట్ నేర్చుకోవడంతోనే సరిపోతుంది.

రెండో దారి నేరుగా ప్రొఫెసర్‌కి రాయడం. మే నెలలో చేరాలంటే జనవరి, ఫిబ్రవరిలో రాయండి. యాభై మందికి కాదు, ఆరుగురికి. ఒక్కొక్కరి మీద ఒక సాయంత్రం పెట్టండి. వాళ్ల గత రెండు మూడేళ్ల పేపర్లలో ఒకటి పూర్తిగా చదవండి. పేపర్ దొరకదనే సాకు ఇప్పుడు చెల్లదు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000 దాకా, ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే యూజీసీ కేంద్రం) ద్వారా అందుతున్నాయి. మీ లైబ్రేరియన్‌ని కలిసి, మీ యూనివర్సిటీ నమోదైందో లేదో, లాగిన్ ఎలాగో కనుక్కోండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: శోధ్‌గంగ వెబ్‌సైట్. ఆ ల్యాబ్ నుంచి వచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావరకు అందులో ఉచితంగా ఉంటాయి. పేపర్‌లో "ఇదివరకు వివరించిన పద్ధతిలో చేశాం" అని ఒక ముక్కలో తేల్చేసినది థీసిస్‌లో మూడు పేజీలుంటుంది. ఏ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం), ఎన్ని గ్రాములు, ఎన్ని నిమిషాలు, ఏది పనిచేయలేదు అన్నీ. ల్యాబ్‌లో అడుగుపెట్టకముందే అక్కడ రోజూ ఏం చేస్తారో తెలియాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాయండి, పది లైన్లు దాటనీయకండి. సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు, యూనివర్సిటీ, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది ఉండాలి. లోపల మొదటి రెండు లైన్లు మీరెవరో. తర్వాతి మూడు లైన్లు వాళ్ల ఫలానా పేపర్‌లో ఫలానా ఫిగర్ గురించి ఒక నిజమైన ప్రశ్న. "మీ పరిశోధన నాకు ఎంతో స్ఫూర్తినిచ్చింది" అన్నది ప్రశ్న కాదు. "మీరు ఉప్పునీటి ఒత్తిడిని ఏడో రోజు కొలిచారు, రెండో రోజే కొలిస్తే ఈ జన్యువు పెరుగుదల ఇంకా ముందే కనబడేదా?" అన్నది ప్రశ్న. అది కాస్త అమాయకంగా ఉన్నా ఫర్వాలేదు, చదివారని తెలుస్తుంది. ఆ తర్వాత మీకు చేతనైనవి, ఉన్నవి ఉన్నట్టు: "డీఎన్ఏ తీయడం, జెల్ నడపడం క్లాసులో ఒకటి రెండుసార్లు చేశాను" అంటే చాలు. పీసీఆర్‌లో (డీఎన్ఏలో కావాల్సిన ముక్కకి లక్షల నకళ్లు తీసే పద్ధతి) ప్రావీణ్యం ఉందని రాసి, ఇంటర్వ్యూలో ఎనీలింగ్ టెంపరేచర్ (ప్రైమర్లు, అంటే నకలు ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు అతుక్కునే వేడి) ఎలా నిర్ణయిస్తారంటే నీళ్లు నమిలితే అంతటితో సరి. చివర తేదీలు, ఉండటానికి చోటు మీరే చూసుకుంటారా, స్టైపెండ్ లేకపోయినా రాగలరా అన్నది. సీవీ ఒక్క పేజీ, పీడీఎఫ్‌లో. పదిరోజులకి జవాబు లేకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లు రాయండి. అప్పటికీ లేకపోతే వదిలేయండి.

దగ్గర్లో ఉన్న ల్యాబ్ అయితే మెయిల్ కన్నా మనిషి వెళ్లడం మేలు. కాకపోతే ముందు ప్రొఫెసర్ గది తలుపు తట్టకండి. ఆ ల్యాబ్ స్కాలర్లతో మాట్లాడండి, మధ్యాహ్నం భోజనాల తర్వాత కాస్త తీరిగ్గా ఉంటారు. వాళ్లకి నిజంగా చేతిసాయం కావాల్సిన పని ఏదో ఒకటి ఉంటుంది. "సార్, ఈ అమ్మాయి నా సీక్వెన్సింగ్ శాంపిల్స్ తయారుచేయడానికి పనికొస్తుంది" అని స్కాలర్ చెబితే ప్రొఫెసర్ ఒప్పుకోవడం తేలిక. చేరే ముందు హెచ్ఓడీ సంతకంతో ఎన్ఓసీ, బోనఫైడ్ తీసిపెట్టుకోండి. వేసవిలో హెచ్ఓడీ దొరక్క పది రోజులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

డబ్బు కట్టి చేసే "ప్రాజెక్టు ట్రైనింగ్"ల గురించి: కొన్ని పేరున్న సంస్థలు కూడా డిసర్టేషన్‌కి (చివరి ప్రాజెక్టు, దాని రిపోర్టు) బెంచ్ ఫీజు (ల్యాబ్ వాడుకున్నందుకు రుసుము) తీసుకుంటాయి, అందులో తప్పేమీ లేదు. కాని ఇంకా మీరు ప్రయోగమే మొదలుపెట్టకముందే రిపోర్టు చేతికిస్తామనే సెంటర్ల జోలికి పోకండి. అదే రిపోర్టు మీ సీనియర్లకీ ఇచ్చి ఉంటారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం డిసర్టేషన్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే తిరగరాసి ఆరు నెలల్లోపు ఇవ్వాలి, 40 దాటితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనీయరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

ఇక చేరాక. ఏ సమస్య ఎంచుకోవాలన్నది మీ చేతిలో పెద్దగా ఉండదు, ఉండకపోవడమే మంచిది. ఒకటి మాత్రం చూసుకోండి: ఎలుకలు, మనుషుల రక్తం, అడవి నుంచి తెచ్చే జీవులు ఉన్న పనికి అనుమతులు కావాలి. జంతువులకైతే సంస్థ యానిమల్ ఎథిక్స్ కమిటీ, మనుషుల శాంపిల్స్‌కి ఎథిక్స్ కమిటీ, జన్యుమార్పిడి జీవులకైతే బయోసేఫ్టీ కమిటీ. కమిటీ ఎప్పుడో గాని కూర్చోదు. ఇప్పటికే అనుమతి ఉన్న ప్రాజెక్టులో మీ పని భాగమైతే సరే, కొత్తగా తీసుకోవాలంటే మీ రెండు నెలలు ఎదురుచూపులకే సరి. మొక్కలు, బాక్టీరియా, ఈస్ట్, కంప్యూటర్ మీద సీక్వెన్స్ విశ్లేషణ రెండు నెలల పనికి నప్పుతాయి.

మొదటి వారం మీకిచ్చేది సొల్యూషన్లు చేయడం. "ఇంత దూరం వచ్చింది బఫర్లు కలపడానికా" అనుకుంటారు. అసలు పరీక్ష అక్కడే జరుగుతుంది. ఉదాహరణకి డీఎన్ఏ పనిలో తరచూ వాడే 0.5 మోలార్ ఈడీటీఏ, పీహెచ్ 8.0. లీటరుకి డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేట్ 186.1 గ్రాములు తూచి 800 మి.లీ. నీళ్లలో వేసి, స్టిర్రర్ మీద పెట్టి, కరిగాక పీహెచ్ చూద్దామని కూర్చుంటారు. గంటైనా రెండు గంటలైనా అది పాలనీళ్లలాగే ఉంటుంది. వేడి చేస్తారు, ఇంకా నీళ్లు పోస్తారు, అక్కడితో గాఢత పోయింది. కారణం: పీహెచ్ 8 దగ్గరికి వస్తే తప్ప ఆ ఉప్పు కరగదు. కలుపుతూనే సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు కొద్దికొద్దిగా వేయాలి, లీటరుకి సుమారు 20 గ్రాములు పడుతుంది. పీహెచ్ 8కి చేరుతుంటే ద్రవం కళ్లముందే తేటపడుతుంది. అప్పుడు లీటరుకి నింపాలి.

ట్రిస్ అనే బఫర్‌తో ఇంకో రకం చిక్కు. 1 మోలార్‌కి లీటరుకి 121.1 గ్రాములు, 800 మి.లీ.లో కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పీహెచ్ సరిచేయాలి (8.0కి దాదాపు 42 మి.లీ. పడుతుంది). యాసిడ్ పోస్తుంటే సొల్యూషన్ వేడెక్కుతుంది. వేడి మీదే 8.0 చూసి ఆపేస్తే చల్లారాక అది 8.0 ఉండదు, ఎందుకంటే ట్రిస్ పీహెచ్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి 0.03 దాకా మారుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0 పెట్టినది 4 డిగ్రీల కోల్డ్‌రూమ్‌లో 8.6 దగ్గరుంటుంది. ప్రొటీన్ పనిచేసేవాళ్లు "నా ఎంజైమ్ నిన్న పనిచేసింది, ఈరోజు లేదు" అని తల పట్టుకునే సందర్భాల్లో కొన్నిటి మూలం ఇదే. ఇంకో సంగతి, వాల్యూమ్ ఎప్పుడూ పీహెచ్ సరిచేశాకే నింపాలి. సీసా మీద పేరు, గాఢత, పీహెచ్, తేదీ, మీ ఇంటిపేరుతో సహా రాయండి. "బఫర్" అని మాత్రమే రాసిన సీసా ల్యాబ్‌లో ఎవరూ వాడరు, పారబోస్తారు.

రెండోది పిపెట్. నేర్పేవాళ్లు రెండు నిమిషాల్లో చూపించేస్తారు. మీరు మాత్రం ఒక పూట కేటాయించండి. నాలుగు దశాంశాలు చూపే త్రాసు మీద చిన్న పళ్లెం పెట్టి, సున్నా చేసి, 100 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పదిసార్లు వేయండి, ప్రతిసారీ బరువు రాయండి. 25 డిగ్రీల దగ్గర సుమారు 0.0997 గ్రాములు రావాలి. పది అంకెలు ఒకదానికొకటి దూరంగా ఉంటే తప్పు మీ చేతిది. పదీ ఒకేలా ఉండి అన్నీ 0.094 దగ్గరుంటే పిపెట్‌ది, క్యాలిబ్రేషన్‌కి పంపమని చెప్పండి. కొత్తవాళ్ల పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: బటన్‌ను రెండో మెట్టుదాకా నొక్కి ద్రవం పీలుస్తారు, అందుకని ఎక్కువ వస్తుంది. పీల్చేటప్పుడు మొదటి మెట్టు, వదిలేటప్పుడే రెండోది. గ్లిజరాల్ ఉన్న ఎంజైమ్ చిక్కగా ఉంటుంది. నెమ్మదిగా లాగి, టిప్ ద్రవంలోనే ఒక క్షణం ఆపకపోతే సగమే వస్తుంది. ఎంజైమ్ గొట్టంలో టిప్‌ని అడుగుదాకా ముంచితే బయటి గోడకి అంటుకుని వెళ్లేది మీరు కొలిచినదానికన్నా ఎక్కువుంటుంది.

పీసీఆర్ మీకు తప్పకుండా తగులుతుంది కాబట్టి దాన్ని కాస్త విడిగా చెబుతాను. ఒక రియాక్షన్ 25 మైక్రోలీటర్లు అనుకుందాం: 10ఎక్స్ బఫర్ 2.5 (మెగ్నీషియం అందులోనే ఉన్నరకం), 10 మిల్లీమోలార్ డీఎన్‌టీపీ మిక్స్ (డీఎన్ఏ కట్టే ముడిసరుకు) 0.5, 10 మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కోటి 0.5, టాక్ పాలిమరేజ్ (నకలు తీసే ఎంజైమ్) 0.2, డీఎన్ఏ 1, మిగతా 19.8 నీళ్లు. పది గొట్టాలకి పదిసార్లు 0.2 తీయడం ఎవరివల్లా కాదు, అంత చిన్న కొలతలో తప్పు కొలతంత ఉంటుంది. పదకొండింటికి సరిపడా మాస్టర్‌మిక్స్ ఒకే గొట్టంలో చేయండి: బఫర్ 27.5, డీఎన్‌టీపీ 5.5, ప్రైమర్లు 5.5 చొప్పున, టాక్ 2.2, నీళ్లు 217.8. కలిపి 264. గొట్టానికి 24 చొప్పున పంచి, చివర డీఎన్ఏ ఒక్కో మైక్రోలీటరు వేయండి. పదకొండో వంతు టిప్పుల్లో పోయేదానికి. పది గొట్టాల్లో ఎనిమిదే శాంపిల్స్. ఒకటి డీఎన్ఏ బదులు నీళ్లు వేసినది, ఒకటి తప్పకుండా పనిచేస్తుందని తెలిసిన డీఎన్ఏ వేసినది (పాజిటివ్ కంట్రోల్). "ఎంజైమ్ దండగ" అని ఈ రెండూ మానేస్తే ఆ జెల్ వల్ల తేలేది ఏమీ ఉండదు.

జెల్‌లో బ్యాండ్ (డీఎన్ఏ చేరినచోట కనబడే గీత) రాలేదనుకోండి. సార్ దగ్గరికి పరిగెత్తే ముందు వరసగా చూడండి. ల్యాడర్ (పరిమాణం తెలిసిన డీఎన్ఏ ముక్కల వరస) కనబడుతోందా? అదీ లేకపోతే పీసీఆర్‌ని తప్పుపట్టకండి, రంగు వేయడం మరిచారు లేదా జెల్‌ని తలకిందులుగా కరెంటుకి పెట్టి డీఎన్ఏని బయటికి పంపేశారు. ల్యాడర్ ఉంది, పాజిటివ్ కంట్రోల్ లేదు: ఏదో ఒకటి వేయడం మరిచారు, లేదా ఎంజైమ్ పాడైంది. పాజిటివ్ ఉంది, శాంపిల్స్‌లో లేదు: తప్పు మీ డీఎన్ఏలో ఉంది. వేప, మామిడి, జీడిమామిడి లాంటి ఆకుల డీఎన్ఏ అయితే చాలాసార్లు ఫీనాలిక్స్ (ఆకుల్లోని వగరు పదార్థాలు), జిగురు కలిసి ఎంజైమ్‌ని ఆపేస్తుంటాయి. గొట్టంలో డీఎన్ఏ గోధుమరంగుగా ఉందా, పిపెట్‌తో లాగితే తీగసాగుతోందా చూడండి. నానోడ్రాప్‌లో (డీఎన్ఏ శుద్ధిని కాంతితో కొలిచే యంత్రం) 260/280 నిష్పత్తి 1.8 దగ్గరున్నా 260/230 ఒకటికన్నా తక్కువైతే అదే రోగం. మందు మొదట తేలికైనదే: డీఎన్ఏని పది రెట్లు, వంద రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. డీఎన్ఏ తగ్గితే బ్యాండ్ ఎలా వస్తుందని అనుమానపడతారు గాని, దానితోపాటు అడ్డుపడేదీ తగ్గుతుంది. అప్పటికీ రాకపోతే లేత ఆకులతో, సీటాబ్ బఫర్‌లో (మొక్కల డీఎన్ఏ తీయడానికి వాడేది) పీవీపీ (ఫీనాలిక్స్‌ని పట్టేసే పొడి) కలిపి మళ్లీ తీయాలి. ఇక నీళ్ల గొట్టంలో బ్యాండ్ వచ్చిందా, ఆ జెల్ మొత్తం చెల్లదు. నీళ్లు, ప్రైమర్ల పని గొట్టాలు పారేసి కొత్తవి తీయండి, పీసీఆర్ అయిన గొట్టాలు తెరిచే బల్ల మీద కొత్త రియాక్షన్ కలపకండి.

జాగ్రత్తల సంగతి ఏ ల్యాబ్‌లోనైనా చెబుతారు, రెండు మాత్రం మళ్లీ చెప్పాలి. ఇథిడియం బ్రోమైడ్ (జెల్‌లో డీఎన్ఏ కనబడేలా చేసే హానికర రంగు) ముట్టిన గ్లవ్స్‌తో తలుపు గుబ్బ, ఫోన్ ముట్టుకోకండి. మీరు గ్లవ్స్ వేసుకుని మీ చేయి కాపాడుకుని, తర్వాత వచ్చేవాడి చేతికి అంటించినట్టే. ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే యంత్రం) సీసా మూతలు బిగించి పెట్టకండి, ప్రెషర్ సున్నాకి దిగకముందు తెరవకండి.

ఫలితాల దగ్గర ఎమ్మెస్సీ వాళ్లు చేసే పెద్ద పొరపాటు రెప్లికేట్ల (ఒకే ప్రయోగాన్ని విడివిడి శాంపిల్స్‌తో మళ్లీ చేయడం) విషయంలో. ఒక మొక్క ఆకు నూరి, ఆ సారాన్ని ప్లేటులోని మూడు వెల్స్‌లో (చిన్న గుంటల్లో) వేసి, సగటు కట్టి, ఎర్రర్‌బార్ గీసి "ఎన్ ఈజ్ ఈక్వల్ టు త్రీ" అని రాస్తారు. అక్కడున్నది ఒకే మొక్క. ఆ ఎర్రర్‌బార్ మీ పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతుంది గాని మొక్కల మధ్య తేడా గురించి ఒక్క ముక్కా చెప్పదు. మూడు వేర్వేరు కుండీల్లో మూడు మొక్కలు పెంచి, ఒక్కోదాని నుంచి విడిగా తీస్తేనే మూడు. కుండీలు మూడూ ఒకే కిటికీ పక్కన, కంట్రోల్ మొక్కలన్నీ గది మూలన ఉంటే మీరు కొలిచింది మందు ప్రభావమో ఎండ ప్రభావమో ఎవరికీ తెలియదు. కలిపి పెట్టండి, రెండు మూడు రోజులకోసారి చోట్లు మార్చండి. ఎన్ని మొక్కలు కావాలన్నది మొదలుపెట్టే ముందే గైడ్‌తో తేల్చుకోండి. అంతా అయ్యాక స్టాటిస్టిక్స్ వాళ్ల దగ్గరికి వెళితే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.

రికార్డు. కుట్టిన నోట్‌బుక్, పేజీ నంబర్లతో, ఇంకుతో. చిత్తుకాగితం మీద రాసి రాత్రి హాస్టల్లో ఫెయిర్ చేయడం డిగ్రీ ప్రాక్టికల్స్ నుంచి వచ్చిన జబ్బు, మానుకోండి. జరుగుతుండగానే రాయాలి. కొట్టివేయాలంటే ఒకే గీత, కింద ఉన్నది చదవగలిగేలా, వైట్‌నర్ వద్దు. ప్రతి ప్రయోగానికి: ఎందుకు చేస్తున్నారో ఒక వాక్యం, కిట్ పేరు, లాట్ నంబరు, మెషిన్ సెట్టింగులు, నిజంగా చేసినది (ప్రొటోకాల్‌లో గంట అని ఉండి మీరు గంటా పావు ఉంచితే గంటా పావు అనే), జెల్ ఫొటో, దాని ఫైల్ పేరు. ఫైల్ పేరులో తేదీ ముందు రావాలి, 2025-06-14 అన్నట్టు ఏడు, నెల, రోజు వరసలో, అప్పుడు కంప్యూటర్ తనంతట తానే క్రమంలో పెడుతుంది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని పెట్టిన ఫైళ్లలో ఏది ఏదో మూడు వారాల తర్వాత మీకే తెలియదు. జెల్ ఫొటోని అసలు రూపంలో ఒకటి విడిగా దాచండి. కాంట్రాస్ట్ పెంచడం, పక్క వరసలు కత్తిరించడం కాపీ మీద మాత్రమే, అదీ కత్తిరించినట్టు తెలిసేలా. ఫలితం రాని రోజు కూడా రాయాలి. ఏ వరసలో ఏవి ప్రయత్నించి విఫలమయ్యారో రాసిపెట్టి ఉంటే మీ తర్వాత వచ్చేవాళ్లు ఆ దారిన పోరు. మీవల్ల ల్యాబ్‌కి నిజంగా మిగిలేది చాలాసార్లు ఇదే.

పేపర్ సంగతి సూటిగా: రెండు నెలల్లో మీ పేరుతో పేపర్ రాదు. వస్తుందని ఎవరైనా మాటిస్తే అనుమానించండి. వారంలో ఆమోదం, డబ్బు కడితే ప్రచురణ అనే జర్నళ్ల మెయిళ్లు మీకూ వస్తాయి. అందులో వేసిన పేపర్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మీకు మేలుకన్నా చేటే చేస్తుంది, బోర్డులో ఉన్నవాళ్లకి ఆ పేర్లన్నీ తెలుసు. రచయితగా పేరు రావాలంటే వైద్య జర్నళ్ల సంపాదకుల సంఘం పెట్టిన నాలుగు షరతుల్నే చాలా ల్యాబ్‌లు కొలబద్దగా తీసుకుంటాయి: పని రూపకల్పనలోనో డేటాలోనో గట్టి పాత్ర, రాతలోనో దిద్దుబాటులోనో చేయి, చివరి ప్రతికి అంగీకారం, మొత్తానికి జవాబుదారీ. మీరు తీసిన డేటా రెండేళ్ల తర్వాత వాళ్ల పేపర్‌లో ఒక ఫిగర్ అయితే మధ్యలో మీ పేరు రావడం న్యాయం, శాంపిల్స్ మాత్రమే తయారుచేస్తే చివర కృతజ్ఞతల్లో వస్తుంది. ఈ మాట చేరిన మొదటి రోజు కాదు, నాలుగో వారంలో, మీరు ఏం చేస్తున్నారో స్పష్టమయ్యాక అడగండి. ఇబ్బంది పడక్కర్లేదు, "ఈ డేటా వాడితే పేరు ఎక్కడ వస్తుంది మేడం?" అంటే చాలు. ల్యాబ్ డేటాని మీ డిసర్టేషన్‌లో పెట్టేముందు, పోస్టర్ వేసేముందు గైడ్‌ని అడగడం మాత్రం మరవకండి. ప్రచురించని ఫలితం మీ డ్రైవ్‌లో ఉన్నంత మాత్రాన మీది కాదు.

వారానికోసారి గైడ్‌కి ఒక పేజీ పంపండి, వాళ్లు అడగకపోయినా. పోయిన వారం అనుకున్నది, అయ్యింది, కానిది, కానిదానికి మీ అంచనా, వచ్చే వారం చేసేది. గ్రూప్ మీటింగ్‌లో అర్థంకాని మాట వస్తే రాసుకుని బయటికొచ్చాక స్కాలర్‌ని అడగండి. గంట సేపు తలాడిస్తూ కూర్చోవడం అందరికీ కనబడుతుంది.

వెళ్లే ముందు వారం కొత్త ప్రయోగం మొదలుపెట్టకండి. ఫ్రీజర్‌లో మీ గొట్టాలన్నీ బయటికి తీసి, పనికొచ్చేవి ఒక పెట్టెలో పెట్టి, గడుల వారీగా ఏది ఏమిటో ఒక షీట్ చేయండి: పెట్టె పేరు, వరస, గడి, శాంపిల్, గాఢత, తేదీ, నోట్‌బుక్ పేజీ. పనికిరానివి పారేయండి. నోట్‌బుక్ అసలు ప్రతి ల్యాబ్‌కే చెందుతుంది, మీకు కావాల్సిన పేజీలు అనుమతితో స్కాన్ చేసుకోండి. డేటా మొత్తం ఒక ఫోల్డర్‌లో పెట్టి, అందులో ఏముందో చెప్పే ఒక పేజీ రాసి, స్కాలర్‌కి ఇచ్చి, ఆయన కంప్యూటర్‌లో తెరుచుకుంటోందో లేదో పక్కన నిలబడి చూడండి. సిఫారసు ఉత్తరం గురించి అప్పుడే మాట అడిగిపెట్టుకోవాలి. అసలు ఉత్తరం కావాల్సివచ్చినప్పుడు గడువుకి మూడు వారాల ముందు మెయిల్ పెట్టి, ఏ ప్రోగ్రాము, చివరి తేదీ, పంపాల్సిన లింకు, మీరు ల్యాబ్‌లో చేసిన నాలుగైదు పనులు తేదీలతో సహా రాయండి. గైడ్‌కి ఏడాదికి పదిమంది వస్తారు, మీరు గుర్తున్నా మీరు చేసినది గుర్తుండదు. "రాయగలరా" అని కాకుండా "గట్టిగా రాయగలననిపిస్తేనే రాయండి సార్" అని అడగండి. తటపటాయిస్తే ఇంకొకర్ని చూసుకోండి.